సెలవుల్లో ఏం చదివించాలి? జాబితా పక్కన పెట్టి అలమరా దగ్గరికి వెళ్ళండి

ప్రశ్న: మా అబ్బాయికి 12 ఏళ్ళు, పాపకి 8. వేసవి సెలవులు 8 వారాలు. కిందటేడు మా పబ్లిక్ లైబ్రరీలో గోడకి అంటించిన ‘సెలవుల్లో చదవదగిన పుస్తకాలు’ జాబితాని ఫోన్లో ఫొటో తీసుకుని, వాటిలో దొరికిన పది పుస్తకాలు ఇంటికి తెచ్చాను. ఎనిమిది అట్ట కూడా తెరవకుండానే వెనక్కి వెళ్ళాయి. బాబు పుస్తకం అంటేనే మొహం తిప్పుకుంటాడు. పాప ఎప్పటివో బొమ్మల పుస్తకాలే మళ్ళీ మళ్ళీ చదువుతుంది. రోజుకి ఎన్ని పేజీలు చదివించాలి? ఏవి తేవాలి? మంచి జాబితా ఒకటి ఇవ్వగలరా? వీలుంటే నాకూ ఏదైనా చెప్పండి. తీరిగ్గా కూర్చుని చదివే వీలు నాకు ఉండదు.

జవాబు: పదింటిలో రెండు తెరిచారంటే ఆ జాబితా చెడ్డదేమీ కాదు. చదవాల్సింది పిల్లలు, ఎంచింది మీరు. ఎనిమిది వెనక్కి వెళ్ళడానికి పెద్ద కారణం అదే. అందుకే ఈసారి ఇంకో జాబితా మీ చేతిలో పెట్టకుండా, ఇద్దర్నీ వెంటబెట్టుకుని లైబ్రరీకి వెళ్ళి ఏం చెయ్యాలో చెబుతాం.

పిల్లల చేత ఎంపిక చేయించడం ముద్దు చెయ్యడం కాదు. అమెరికాలోని ఫ్లోరిడాలో రిచర్డ్ ఆలింగ్టన్, ఆన్ మెక్‌గిల్-ఫ్రాన్జెన్ అనే పరిశోధకులు పేద కుటుంబాల పిల్లలకి వరసగా 3 వేసవులు, ఏటా 12 పుస్తకాల చొప్పున ఇచ్చారు. ఆ పన్నెండూ ఏవో పిల్లలే ఎంచుకున్నారు. 2010లో వచ్చిన ఫలితాల్లో ఆ పిల్లలు పుస్తకాలు అందని పిల్లలకన్నా చదవడంలో ముందున్నారు. వాళ్ళు ఎంచుకున్నవాటిలో సినిమా తారల గురించీ టీవీ పాత్రల గురించీ ఉన్న పుస్తకాలు చాలానే ఉన్నాయి. పెద్దవాళ్ళు మెచ్చే పుస్తకాలే ఉండాలని పట్టుబట్టి ఉంటే ఆ పన్నెండూ తెరిచేవారో లేదో.

గోడమీది జాబితా ఎలా తయారవుతుందో తెలిస్తే దాన్ని వాడుకోవడం తేలిక. లైబ్రరీలో ఉన్నవాటిలోంచి, వీలైతే రెండు మూడు ప్రతులున్నవాటిలోంచి అక్కడి సిబ్బంది ఏరి రాస్తారు. సెలవులు మొదలైన వారానికే అందులో పైన ఉన్న పేర్లన్నీ బయటికి వెళ్ళిపోతాయి. మీకు ‘దొరికినవి’ అంటే మిగతావాళ్ళు వదిలేసినవి కూడా కావచ్చు. పరీక్షలు పూర్తికాక ముందే, సెలవులకి ఒక వారం ముందు ఒకసారి వెళ్ళి నచ్చినవి రిజర్వు చేయించుకోండి. జాబితా పక్కన ‘9 నుంచి 12 ఏళ్ళు’ అని ఉంటే దాన్ని సుమారు లెక్కగానే తీసుకోండి. తిరిగొచ్చిన పుస్తకాలు అలమరాల్లోకి చేరకముందు పెట్టే బల్లో, ట్రాలీయో చాలా లైబ్రరీల్లో ఉంటుంది. అక్కడ ఉన్నవి నిన్నా మొన్నా ఎవరో ఇష్టపడి ఇంటికి తీసుకెళ్ళినవి. పిల్లల పుస్తకాలకి అంతకన్నా తాజా జాబితా ఇంకోటి ఉండదు. చూడనిస్తారా అని అడిగి, లోపలికి వెళ్ళగానే ముందు దాన్నే చూడండి.

ఇక మీ అబ్బాయి సంగతి. పుస్తకం అంటే మొహం తిప్పుకునే పన్నెండేళ్ళ పిల్లల్లో చాలామందికి గిట్టనిది కథల పుస్తకం, చదవడం కాదు. ఆట స్కోర్లూ, వీడియో గేముల సూచనలూ, బొమ్మల కింద వ్యాఖ్యలూ రోజూ చదువుతూనే ఉంటారు. కాబట్టి ‘నీకు ఎలాంటి పుస్తకాలు ఇష్టం?’ అని అడగొద్దు, ‘ఏమో’ అంటాడు. ‘ఈ మధ్య గంటసేపు కదలకుండా చూసింది ఏమిటి?’ అని అడగండి. ఆ జవాబు పట్టుకుని లైబ్రేరియన్ దగ్గరికి వెళ్ళండి. ‘పన్నెండేళ్ళ వాడికి మంచి పుస్తకం ఇవ్వండి’ అంటే ఆయన చేతికి దొరికేది మళ్ళీ గోడమీది జాబితాయే. ఇలా చెప్పి చూడండి: ‘మావాడు ఫుట్‌బాల్ ఆడతాడు. మ్యాజిక్ వీడియోలు చూస్తాడు. కిందటిసారి ఇచ్చిన నవల రెండు పేజీలు చదివి, ఇంకా ఏమీ జరగలేదని వదిలేశాడు. బొమ్మలుంటే చదువుతాడు. వంద పేజీలు దాటితే భయపడతాడు.’ ఇష్టం, వదిలేసిన పుస్తకం, వదిలేసిన కారణం, ఓపిక. ఈ నాలుగూ తెలిస్తే ఆయన అయిదు నిమిషాల్లో నాలుగు పుస్తకాలు తీసిస్తారు. నాలుగింట్లోనూ వదిలేసిన కారణమే విలువైనది. ‘ఏమీ జరగలేదు’ అంటే కథ వేగంగా నడవాలని. ‘ఎవరు ఎవరో తెలియలేదు’ అంటే పాత్రలు తక్కువ ఉండాలని. అడగడానికి మొహమాటపడకండి. మన దేశపు గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్.రంగనాథన్ 1931లో ప్రకటించిన అయిదు గ్రంథాలయ సూత్రాల్లో ఒకటి పాఠకుడి కాలం ఆదా చెయ్యాలన్నదే. మీకు సాయపడటం వాళ్ళ ఉద్యోగంలో భాగం.

కథలు కాని పుస్తకాల అలమరాలు మీ అబ్బాయికి తనంతట తాను తిరగడం నేర్పండి. చాలా లైబ్రరీల్లో పుస్తకం వీపుమీద చిన్న చీటీ, దానిమీద ఒక అంకె ఉంటుంది. 1876లో మెల్విల్ డ్యూయీ అనే అమెరికన్ లైబ్రేరియన్ పెట్టిన దశాంశ పద్ధతి అది. ఒకే విషయం మీద వచ్చినవన్నీ పక్కపక్కన చేరతాయి. ఖగోళం 523 దగ్గర, డైనోసార్లు 567.9లో, పురుగులు 595.7లో, పక్షులు 598లో, కాగితం మడతల బొమ్మలు 736.98లో, కామిక్స్ 741.5లో, పజిళ్ళు 793.73లో, మ్యాజిక్ 793.8లో, ఫుట్‌బాల్ 796.334లో, క్రికెట్ 796.358లో, సముద్రయానాలూ సాహసాలూ 910.4లో, జానపద కథలు 398.2లో, పొడుపుకథలు 398.6లో ఉంటాయి. రెండు అంకెలు కాగితం మీద రాసి ఇచ్చి, వెతుక్కురమ్మనండి. ఫుట్‌బాల్ కోసం వెళ్ళినవాడు దారిలో మ్యాజిక్ పుస్తకం పట్టుకొస్తాడు, ఆ రెండు అంకెలూ అంత దగ్గర. చిన్న లైబ్రరీల్లో దశాంశ బిందువు తర్వాతి అంకెలు వదిలేసి 796 అని మాత్రమే వేస్తారు. వేరే వర్గీకరణ వాడే చోట అంకెలు మారతాయి, కౌంటర్లో అడిగితే చెబుతారు.

ఈ పుస్తకాల్లో ఒక చిక్కుంది. సైన్సు, టెక్నాలజీ పుస్తకాలకి వయసు మీద పడుతుంది. అట్ట తిప్పి ముద్రణ సంవత్సరం చూడండి. 2006కి ముందు అచ్చయిన ఖగోళ పుస్తకంలో ప్లూటో తొమ్మిదో గ్రహంగానే ఉంటుంది. పజిళ్ళ పుస్తకాల్లో జవాబులు పెన్సిల్‌తో నింపేసి ఉన్నాయేమో కూడా తిరగేసి చూసుకోండి.

నవల వైపు మళ్ళించాలనుకుంటే ఈ వయసుకి జూల్ వెర్న్ రాసిన ‘ఎనభై రోజుల్లో భూప్రదక్షిణ’ మంచి ఎంపిక. 1873లో పుస్తకంగా వచ్చింది, 37 అధ్యాయాలు. ఇబ్బంది అంతా మొదట్లోనే. తొలి రెండు అధ్యాయాలూ కథానాయకుడు ఫాగ్ దినచర్య, అతని నౌకరు పరిచయం. ఎనభై రోజుల్లో ప్రపంచం చుట్టి వస్తానని అతను పందెం కాసేది మూడో అధ్యాయంలో. ‘ఏమీ జరగలేదు’ అని మీవాడు మూసేసేది సరిగ్గా దానికి ముందే. కాబట్టి ఆ మూడు అధ్యాయాలూ మీరు పైకి చదివి వినిపించి, పందెం పడ్డాక పుస్తకం చేతికివ్వండి. పక్కన ప్రపంచ పటం పరిచి పెట్టండి. లండన్, సూయెజ్, బొంబాయి, కలకత్తా, హాంకాంగ్, యొకొహామా, శాన్‌ఫ్రాన్సిస్కో, న్యూయార్క్, మళ్ళీ లండన్. ఒక్కో మజిలీ చేరినప్పుడు చుక్క పెట్టి, ఎన్నో రోజో పక్కన రాయమనండి. చివర్లో వచ్చే మలుపు తేదీల లెక్కతో ముడిపడి ఉంది. రోజులు రాసుకుంటూ వచ్చినవాడికి అది బాగా అందుతుంది. ఇలాంటి పాత నవలలకి సంక్షిప్త ప్రతులు చాలా ఉంటాయి, అట్టమీద ఆ సంగతి ఉండకపోవచ్చు. లోపలి పేజీలో ‘సంక్షిప్తం’, ‘పిల్లల కోసం కుదించినది’ లాంటి మాట కోసం చూడండి. మొదటిసారికి కుదించినది తప్పేమీ కాదు. కాకపోతే కుదించిన ప్రతి చదివించి ‘ఇంతేనా’ అనిపించాక అసలుది ముట్టుకోడు. తెలిసి ఎంచుకోండి.

పన్నెండేళ్ళ వాడికి పైకి చదివి వినిపించడమా అని సందేహించకండి. విని అర్థం చేసుకునే శక్తి, సొంతంగా చదివే శక్తికన్నా ఈ వయసులో ఇంకా ముందుంటుంది. పదిహేను నిమిషాలు చాలు. అధ్యాయం చివర కాకుండా, ఉత్కంఠ మధ్యలో ఆపి పుస్తకం అక్కడే బల్లమీద వదిలెయ్యండి.

పుస్తకం స్థాయి సరిపోతుందా లేదా అన్నది అలమరా దగ్గరే తేల్చుకోవచ్చు. మధ్యలో ఒక పేజీ తీసి పైకి చదవమనండి. మొదటి పేజీ, ముందుమాట వద్దు, కథ అసలు నడక మధ్యలోనే తెలుస్తుంది. తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడవాలి. పేజీ అయ్యేసరికి ఒక వేలు ముడిస్తే, లేదా ఒక్కటీ ముడవకపోతే తేలిక. రెండు మూడయితే సరిపోతుంది. నాలుగయితే మీరు పక్కన కూర్చోవాలి. అయిదూ ముడిస్తే కొన్నాళ్ళు ఆగొచ్చు. పేజీలో వంద మాటలదాకా ఉన్నప్పుడే ఈ లెక్క పనిచేస్తుంది. పేజీకి రెండు వాక్యాలుండే బొమ్మల పుస్తకానికి నాలుగైదు పేజీలు కలిపి చూడాలి.

తెలుగు పుస్తకాల విషయంలో ఈ పరీక్షకి ఒక సవరణ కావాలి. పాప ‘ఆశ్చర్యం’ దగ్గర తడబడిందనుకోండి. మీరు ఆ మాట పలకండి. వినగానే ‘ఓ, అదా’ అంటుంది. అది తెలియని మాట కాదు, ‘శ్చ’ దగ్గర కన్ను ఆగింది, అంతే. దానికి వేలు ముడవక్కర్లేదు. ‘నిశ్చేష్టుడు’ దగ్గరా అదే ‘శ్చ’ ఉంది, కానీ మీరు పలికాక కూడా అర్థం కాలేదంటే అప్పుడు వేలు ముడవాలి. ఇంట్లో తెలుగు వింటూ బడిలో మరో భాషలో చదివే పిల్లల్లో మొదటి రకం తడబాటే ఎక్కువ కనిపిస్తుంది. వాళ్ళకి కథ స్థాయి తగ్గించి పసిపిల్లల పుస్తకం ఇస్తే చిన్నబుచ్చుకుంటారు. వయసుకి తగిన కథే, అక్షరం పెద్దదిగా, వరసల మధ్య జాగా ఎక్కువగా ఉన్న ప్రతి ఇచ్చి, ఒక పేజీ మీరు, ఒక పేజీ వాళ్ళు చదవాలి. రెండో రకం ఎక్కువైతే ఆ పుస్తకాన్ని మీరే చదివి వినిపించండి, మాటలు చెవిన పడి వస్తాయి.

పాప పాత పుస్తకాలే తిరగేస్తోందని మీరు బెంగపడనక్కర్లేదు. కథ ముందే తెలుసు కాబట్టి కన్ను అక్షరాలమీద వేగంగా పరుగెడుతుంది. ధారాళంగా చదవడం చాలామందికి అలాగే అబ్బుతుంది. ఆ పుస్తకాలు దాచెయ్యొద్దు. పైమెట్టు ఒకటి పక్కన పెట్టండి, చాలు. బొమ్మల పుస్తకాలు ఎక్కువగా 32 పేజీలుంటాయి, అచ్చులో కాగితాన్ని మడిచి ఫారాలుగా చేసే లెక్కవల్ల. దానిమీద తర్వాతి మెట్టు అదే 32 లేదా 48 పేజీల పుస్తకం, కాకపోతే పేజీకి రెండు వరసలకి బదులు ఎనిమిది పది వరసలుండాలి. ఆ తర్వాత 60 నుంచి 80 పేజీలు, ఒక్కో అధ్యాయం అయిదు నుంచి ఎనిమిది పేజీలు, తెరిచిన ప్రతిచోటా ఏదో ఒక బొమ్మ. ఆ పైనే వంద పేజీలు దాటినవి. ఎనిమిదేళ్ళొచ్చాయి కదా అని బొమ్మలు లేని రెండు వందల పేజీల నవల ఒకేసారి చేతికిస్తే ఈ మెట్లన్నీ ఎగిరి దూకమన్నట్టే. పిల్ల వెనక్కి తగ్గేది అక్కడే.

ఇక్కడ జానపద కథల సంపుటాలు బాగా అక్కరకొస్తాయి. మూడు నాలుగు పేజీల్లో కథ అయిపోతుంది, ఒక్కటి పూర్తిచేసినా పూర్తిచేసిన తృప్తి ఉంటుంది. అయితే ఆ అలమరాలో పెద్దల కోసం సేకరించినవీ కలిసిపోయి ఉంటాయి. బొమ్మలు లేకుండా, పేరాలు పొడుగ్గా, కింద వివరణలతో ఉంటే అది పిల్లలది కాదు. అవే పాత్రలతో వరసగా వచ్చే సిరీస్ కూడా ఈ వయసుకి మంచి మందు. మొదటి పుస్తకంలో పేర్లూ ఊరూ అలవాటయ్యాక రెండోది సగం చదివేసినట్టే. తీసుకునేటప్పుడు అది ఎన్నో పుస్తకమో లోపలి పేజీలోనో వెనక అట్టమీదో చూసుకోండి. మొదటిది సగానికి రాగానే రెండోదానికి రిజర్వు పెట్టండి. పూర్తయ్యాక పెడితే వచ్చేలోపు ఆసక్తి చల్లారుతుంది.

రోజుకి ఎన్ని పేజీలని అడిగారు. పేజీలు లెక్కపెట్టకండి. పేజీకో పుస్తకానికో బహుమతి పెడితే పిల్లలు అతి సన్నటి పుస్తకాలు ఏరుకుంటారు, లేదా చదవకుండానే పేజీలు తిప్పుతారు. నిమిషాలు పెట్టుకోండి. పాపకి 15, బాబుకి 20, రోజూ ఒకే వేళకి. ఆ వేళలో మీ ఫోను కూడా పక్క గదిలో ఉండాలి, ఇది ముఖ్యం. కామిక్స్, పజిళ్ళు, పాత పుస్తకాలు అన్నీ ఆ నిమిషాల్లో లెక్కలోకి వస్తాయి. ‘చదివిన ప్రతిదానికీ సారాంశం రాయి’ అన్న షరతు ఒక్కటి చాలు వేసవి పాడవడానికి. నోటుబుక్కులో తేదీ, పుస్తకం పేరు, ఒక్క మాటలో ఎలా ఉందో రాస్తే సరిపోతుంది. వదిలేసిన పుస్తకం పేరూ, ఎన్నో పేజీలో వదిలేశారో కూడా రాయించండి. తర్వాతిసారి లైబ్రేరియన్‌కి చూపించాల్సింది ఆ పేజీయే. వదిలెయ్యడానికి ఒక హద్దు పెట్టండి. పాపకి 10 పేజీలు, బాబుకి 25. అప్పటికీ నచ్చకపోతే మారు మాట లేకుండా మూసెయ్యొచ్చు.

తెచ్చే పుస్తకాలు చదివేవాటికన్నా ఎక్కువే ఉండాలి. గడువు రెండు వారాలైతే బాబుకి నాలుగు తీసుకోండి. ఒకటి తప్పకుండా నచ్చేది, ఒకటి తనకిష్టమైన విషయం మీద, ఒకటి సన్నటిది, ఒకటి పూర్తిగా కొత్త రకం. పాపకి ఆరు, వాటిలో రెండు పాత నేస్తాలు. సగం చదవకుండా తిరిగిచ్చినా నష్టం లేదు, డబ్బు పెట్టి కొన్నవి కావు. కార్డుకి రెండు మూడు పుస్తకాలే ఇస్తారంటే వారానికోసారి వెళ్ళండి, పిల్లలిద్దరికీ వేరువేరు కార్డులు తీయించండి. మిగతావి అక్కడే రీడింగ్ రూములో తిరగేసి రావచ్చు. కౌంటర్ దగ్గరికి వెళ్ళేముందు ప్రతి పుస్తకం చివరి పేజీ ఉందో లేదో చూడండి. బాగా చేతులు మారిన పుస్తకాల్లో ముందుగా ఊడేవి మొదటి, చివరి ఫారాలే. అపరాధ పరిశోధన కథలో చివరి నాలుగు పేజీలు లేకపోతే పిల్లవాడి కోపం పుస్తకాలన్నిటిమీదా పడుతుంది.

ఎండాకాలంలో పుస్తకాలకి ఇంకో జాగ్రత్త కావాలి. ఎండలో నిలిపిన కారులో వదిలేస్తే వీపుకి పూసిన జిగురు మెత్తబడి పేజీలు ఊడతాయి. నీళ్ళు పడితే ఎండలో పెట్టొద్దు, ఇస్త్రీ చెయ్యొద్దు. కొన్ని పేజీలకొకటి చొప్పున తెల్లకాగితాలు పెట్టి, తడవగానే మారుస్తూ, ఫ్యాను గాలికి ఆరనివ్వండి. పేజీ చిరిగితే ఇంట్లోని సెల్లోటేపు వెయ్యొద్దు. దాని జిగురు కొన్నేళ్ళకి పచ్చబడి అక్షరాలమీదికి పాకుతుంది, తీయబోతే కాగితం కూడా వస్తుంది. చిరిగిన ముక్క అందులోనే పెట్టి, తిరిగిచ్చేటప్పుడు చెప్పండి. చెప్పకుండా పుస్తకాలు తిరిగిచ్చే డబ్బాలో వేసేస్తే అది అలాగే అలమరాలోకి వెళ్ళి ఇంకొకరి చేతిలో పూర్తిగా చిరుగుతుంది.

మీ సంగతి. తీరిక లేనప్పుడు నవల మొదలుపెట్టకండి. నాలుగు రోజుల తర్వాత తెరిస్తే ఎవరు ఎవరో గుర్తుండదు, మళ్ళీ మొదటికి వస్తారు. కథా సంపుటాలు, ఉత్తరాల సంకలనాలు, వ్యాసాలు, యాత్రాకథనాలు తీసుకోండి, ఎక్కడ ఆపినా తెగదు. విషయసూచిక తీసి ఒక్కో కథ ఎన్ని పేజీలో చూడండి. పదిలోపు ఉన్నవి ఎక్కువ ఉంటే అది మీ పుస్తకం. సంపుటిలో మొదటి కథతోనే మొదలుపెట్టాలని లేదు, అన్నిటికన్నా చిన్నదానితో మొదలుపెట్టండి. పిల్లలతో పాటు ఆ 20 నిమిషాలూ మీరూ కూర్చుంటే వారానికి రెండు గంటల పైనే అవుతుంది. సుమారు 150 పేజీల సంపుటి రెండు వారాల గడువులోపు పూర్తవుతుంది.